బొమ్మకార్డుల పద్దు

గృహిణులకు పిల్లల బొమ్మకార్డులతో నేమి పని యని సోదరీమణులు నవ్వుకొందురేమో. మేమును మొదట నవ్వినవారమే. మా చిన్నవాని బడిసంచి దులిపినప్పుడెల్ల జలజల రాలెడు క్రికెట్టు ఆటగాండ్ర అట్టముక్కలను చీపురుతో నూడ్చి పారవేయబోయినవారమే. అట్టి మేమే యిప్పుడు, వనపర్తిలోని మా రెండుగదుల యింట, బియ్యము పద్దు ప్రక్కనే కార్డుల పద్దును గూడ వ్రాయించుచున్నాము. నెలకు 150 రూపాయలు. అంతకు మించి యొక రూపాయియు లేదు. ఈ కొద్ది సొమ్ముతో పిల్లవాడు సేకరణ నెట్లు మొదలుపెట్టెనో, నడుమ మాకెట్టి తలవంపు వచ్చెనో ఉన్నదున్నట్లు వ్రాయదలచితిమి.

మా వారు ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పుదురు. మేము ఇంటియొద్ద రవికలు కుట్టుదుము. పెండ్లిండ్ల కాలములో చీరలకు ఫాల్ కుట్టు పనియు వచ్చును. ఇట్టి సంసారములో ప్రతి పదిరూపాయల నోటునకును ముందే యొక పేరుండును. నిరుడు బడులు తెరచిన క్రొత్తలో నొకనాడు, పాలవానికని పోపుల డబ్బాలో దాచిన 20 రూపాయలు కనబడలేదు. ఇల్లంతయు వెదకితిమి. రాత్రి చిన్నవాడు అన్నము ముందర కూర్చుండి ముద్ద మ్రింగలేక, తానే తీసితినని చెప్పి యేడ్చెను. నిక్కరు జేబులోనుండి రెండు పొట్లములు తీసి మా ముందు పెట్టెను. అప్పటికింకను విప్పి చూడనైనలేదు.

“తరగతిల అందరి దగ్గర ఉన్నయమ్మా. నాకొక్కనికే లేవు.”

మేము చేయి చేసికొనుటకు లేచితిమి. మా వారు వారించి, “వద్దంటే చాటుకు కొంటడు. ఇంత అని కట్టి ఇస్తే లెక్కకు కొంటడు” అనిరి. ఆ మాట మాకంత రుచింపలేదు. దొంగతనమునకు బహుమానమువలె తోచెను. అయినను ఒప్పుకొంటిమి. తీసిన 20 రూపాయలు మొదటినెల మొత్తములో విరుగగోసి 130 రూపాయలే యిచ్చితిమి. రెండణాల కాగితపు పుస్తకమువంటి చిన్న నోటుపుస్తకము కుట్టి చేతికిచ్చితిమి. అందు వాని చేతివ్రాతలో మొదటి పంక్తి యిది: “పోపుల డబ్బకు బాకీ 20.”

నిజము చెప్పవలెనన్న, మా చేయి యాగుటకు వేరొక కారణమును కలదు. 1987వ సంవత్సరమున భారత, పాకిస్తాను దేశములలో ప్రపంచకప్పు క్రికెట్టు పోటీలు జరిగినప్పుడు మేము నాలుగవ తరగతి చదువుచుంటిమి. ఆ దినములలో బిగ్ ఫన్ అను బబుల్‌గమ్ముతో ఆటగాండ్ర బొమ్మలు వచ్చెడివి. మా అన్న వానిని బిస్కట్ల డబ్బాలో కూడబెట్టుచుండెను. ఆడపిల్లకు గమ్ము కొనిపెట్టువారెవరు? కావున మేము అగ్గిపెట్టెల పైబొమ్మలు ఏరుకొంటిమి. టీ దుకాణముల ముందర, బస్సుల నిలయములో, పెండ్లివారి వంటపొయ్యిల ప్రక్కన వంగి వంగి యేరెడివారము. ఓడబొమ్మ ఎంతైన దొరకెడిది. చిరుతపులితో పోరాడు మనుష్యుని బొమ్మ మాత్రము దొరకినదే భాగ్యము. ఒక దీపావళికి ఇల్లు దులుపుచు మా అమ్మ ఆ రెండు డబ్బాలలోని సరకును నీళ్లకాగు క్రింద వేసినది. అన్న రెండు దినములు అన్నము మానెను. మేము మానలేదు గాని, మరువనును లేదు.

మొన్న మా వారొక సంగతి చదివి వినిపించిరి. అమెరికాలో టాప్స్ అను కంపెనీ 1952లో అచ్చువేసిన బేస్‌బాల్ ఆటగాడు మికీ మాంటిల్ కార్డొకటి 2022లో 1 కోటి 26 లక్షల డాలర్లకు అమ్ముడుపోయెనట! అంత చెడకుండ నిలిచినవి చాల తక్కువ. కంపెనీవారే యమ్ముడుపోని సరకును సముద్రములో పారబోయించిరని చెప్పుదురు. ఇండ్లలో మిగిలినవానిని తల్లులు ఊడ్చివేసిరని అచ్చటివారి వాడుక మాట. ఈ మాట మా అమ్మతో ననగా ఆమె యేమాత్రము చలింపక, “అప్పుడు నీళ్లు కాగినయి గద బిడ్డా” అనెను.

ఇంతకును ఈ కార్డులు పిల్లలకొరకు పుట్టినవి గావు. 1880 ప్రాంతములలో అమెరికా, ఇంగ్లండు దేశముల సిగరెట్టు వ్యాపారులు పెట్టె నలుగకుండుటకు లోపల నుంచిన అట్టముక్కపై బొమ్మవేయ నారంభించిరి. ఒక వరుసలో నిన్ని బొమ్మలని అంకెలు వేయుటతో, కొనువాడు మిగిలినవానికై మరల మరల కొనజొచ్చెను. ఆ వెనుక మిఠాయి, గమ్ము వచ్చినవి. 1996లో జపానులో పోకెమాన్ కార్డులు వచ్చినవి. సరకు మారినను కిటుకు మారలేదు. పొట్లములో నేమున్నదో తెలియకుండుటయే దాని ఆయువుపట్టు.

ఆ కిటుకును పిల్లవానికి తెలుపుటకు మా వారు పూనుకొనిరి. వాడు కూర్చదలచిన క్రికెట్టు వరుసలో 50 బొమ్మలు. అయిదు కార్డుల పొట్లము 10 రూపాయలు. పది పొట్లములు కొన్నచో 100 రూపాయలతో పని తీరునని వాని లెక్క. మా వారు చింతగింజలు 50 తెప్పించి, వానిపై సుద్దముక్కతో అంకెలు వేయించి సంచిలో పోయించిరి. చూడకుండ ఒకటి తీయవలెను, అంకె వ్రాసికొనవలెను, మరల సంచిలో వేయవలెను. 50 అంకెలును వచ్చువరకు నిట్లు తీయుచుండవలెను. వాడు ఉత్సాహముతో మొదలుపెట్టెను. సగము అంకెలు చిటికెలో వచ్చినవి. పిదప వచ్చినదే వచ్చుచుండెను. రాత్రి తొమ్మిది దాటెను. 203 మార్లు తీసినపిమ్మట గాని చివరి అంకె చిక్కలేదు. వాడు సంచి నావలకు తోసి పండుకొనెను.

మరునాడు మా వారు లెక్క చెప్పిరి. అన్ని బొమ్మలును సమానముగానే వేసిరనుకొన్నను, మొదటి 25 వేర్వేరు బొమ్మలు సగటున 34 కార్డులకే చేరును. మిగిలిన 25 బొమ్మలకు మరి 191 కార్డులు పట్టును. మొత్తము 225 కార్డులు, అనగా 450 రూపాయలు. చిట్టచివరి యొక్క బొమ్మకే సగటున 50 కార్డులు, 100 రూపాయలు! కొన్ని బొమ్మలను కావలెననియే తక్కువగా వేయుదురు గనుక నిజమింతకంటెను కఠినము. మేము పెద్దగా చదువుకొన్నవారము గాము. అయినను కూరగాయల బేరమువలె నిది మాకును తెలిసినది. సగము వరుసవరకే కొనుట లాభము. ఆ తరువాత కొనరాదు, మార్చుకొనవలెను. కొనినచో 100 రూపాయలు పట్టు బొమ్మ, మార్పిడిలో నొక్క జోడుకార్డుతో వచ్చును.

మార్పిడికి మాకు దేవుడిచ్చిన సౌకర్యమొకటి యున్నది. మా అక్క గద్వాలలో నున్నది. మా బావగారు, అనగా మా వారి అన్నగారు, నాగర్‌కర్నూలులో నున్నారు. ఈ మూడూళ్లును పూర్వము మహబూబ్‌నగర్ జిల్లాలోనివే. 2016 అక్టోబరు 11 నుండి మూడును మూడు జిల్లాలకు ముఖ్యపట్టణములైనవి. పెద్దలకు కచేరీలు వేరైనవి. పిల్లలకు కార్డుల బజారులు మూడైనవి. ఒకయూరి దుకాణములో తెగని బొమ్మ వేరొకయూర విరివిగా వచ్చుచుండుట మేము కన్నులార చూచితిమి.

దసరా సెలవులకు బిజినేపల్లి మీదుగా నాగర్‌కర్నూలు పోయితిమి. మా బావగారి కుమారునికి పదుమూడేండ్లు. బేరములో కోమటివాని తాత. వాని మేనమామ చిన్ననాడు కూర్చిన మల్లయోధుల ట్రంపుకార్డులు వానియొద్ద నున్నవి. వానిపై నెత్తు, బరువు, ఛాతి, గెలిచిన పోట్లు మొదలగు అంకెలుండును. ఇద్దరాడుచు, ఒకడు “బరువు” అనినచో నెవ్వని కార్డున నెక్కువయో వానిది గెలుపు. వాడు మా చిన్నవాని జోడుకార్డులు 11 పుచ్చుకొని, 7 బొమ్మలు మాత్రమే యిచ్చెను. మా వాడు దారిపొడుగునను గొణుగుచునే వచ్చెను. కాని పద్దు చూచినచో ఆ 7 బొమ్మలును కొన్నవి గావు. ఆ నెల 150 రూపాయలలో 110 మిగిలెను.

దాచుట విషయమున మా అక్క కూతురు మా వానికంటె నేర్పరి. ఎనిమిదేండ్ల పిల్ల. ఆ యింట మగ్గమున్నది. గద్వాల చీరకు నూలు ఒడలును పట్టు అంచును వేర్వేరుగా నేసి కలుపుదురని సోదరీమణు లెరుగుదురు. అంచులోని పూవులు, హంసలు దిగుటకు జకార్డుపై రంధ్రములు కొట్టిన గట్టి అట్టలను వరుసగా దారముతో కుట్టి వ్రేలాడదీయుదురు. డిజైను మారినప్పుడు పాత యట్టలు పనికిరావు. ఆ పిల్ల వానిని కత్తిరించి, కార్డునకు కార్డునకు నడుమ నొకటి చొప్పున పెట్టి, చీర వచ్చిన అట్టపెట్టెలో పేర్చినది. ఒక్క మూలయైన వంగలేదు! బజారులో ప్లాస్టిక్ తొడుగులు కొందమనుకొన్న మేము ఆ మాట మానుకొని, నాలుగు పాత యట్టలు అడిగి తెచ్చుకొంటిమి. కార్డు నెప్పుడును అంచులు పట్టియే యెత్తవలెననియు ఆ పిల్లయే మా వానికి చెప్పినది.

ఇక తలవంపు సంగతి.

జమ్ములమ్మ జాతరకు గద్వాల పోయినప్పుడు, మా వాడు మా వెనుకనుండి జారుకొని, ఒక అంగడిలో బంగారురేకువలె ధగధగలాడు పోకెమాన్ కార్డులు పదింటిని కొనెను. ఆ నెల మొత్తమంతయు నొక్కదెబ్బకు పోయెను. అసలైన పోకెమాన్ పొట్లము పెద్ద దుకాణములలో కొన్ని వందల రూపాయలుండును. అట్టి కార్డులు పది యంత చవుకగా నెట్లు వచ్చును? ఇంటికి వచ్చినపిదప మా వారు ఫోను దీపమును కార్డు వెనుక పట్టి చూపిరి. అసలుకార్డు అట్ట నడుమ నల్లని పొరయొకటి యుండును గనుక వెలుతురంతగా దాటి రాదు. ఈ కార్డులలోనుండి వెలుతురు నిండుగా బయటికి వచ్చెను. పైగా అక్షరములలో తప్పులున్నవి. పిల్లవాడు మాటాడలేదు. కార్డులను పెట్టె యడుగున వేసెను. పోనిమ్ము, నేర్చుకొన్నాడనుకొని మేమును ఊరకుంటిమి.

మూడువారములకు మా అక్క యింట సత్యనారాయణవ్రతము. పోయి వచ్చిన రాత్రి మేము పద్దు చూడగా నందు “ఇచ్చినవి 5, వచ్చినది 1” అని యుండెను. వచ్చినదేదో చూపుమంటిమి. తళుకులీను అసలైన పోకెమాన్ కార్డు! అక్క కూతురిది. ఆమె తండ్రి చీరలు అమ్ముటకు హైదరాబాదు పోయినప్పుడు, పిల్ల చిరకాలముగా నడుగుచున్నదని కొనితెచ్చిన పొట్లములోనిది.

“ఇచ్చిన అయిదు ఏవిరా?”

“బంగారువి.”

“నకిలీవని చెప్పినవా?”

“అది అడగలే.”

దీపము వెలుతురున పరీక్షించుట మా వారు మోసపోకుండుటకు నేర్పిరి. వాడు దానితో మోసము చేయ నేర్చెను. మా వారే మొదట, “పిల్లల మార్పిడి పిల్లలది. రెండు దిక్కుల ఒప్పుకున్నరు గద” అనిరి. వారి మాట మేమెన్నడును త్రోసివేయము. ఆ రాత్రి మాత్రము త్రోసితిమి. నెలల తరబడి గుంటమగ్గములో కాళ్లు వ్రేలాడవేసికొని కూర్చుండు మనుష్యుడు కూతురికై తెచ్చినది మా పెట్టెలో నుండగా మాకు నిద్ర పట్టలేదు.

ఆదివారమున పిల్లవాని వెంటబెట్టుకొని బస్సెక్కితిమి. 2023 డిసెంబరు 9 నుండి మన రాష్ట్రములో ఆడవారికి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్సు బస్సులలో టిక్కెట్టు లేదు గనుక మాకు ఖర్చులేదు. మగపిల్లవానికి అరటిక్కెట్టు. అది కార్డుల సొమ్ములోనిదే యని ముందే చెప్పితిమి. పెబ్బేరు దాటి బీచుపల్లి వంతెనపై కృష్ణ కనబడినప్పుడు ఎల్లప్పుడు నాణెము వేయుదమని మారాము చేయువాడు, ఆనాడు కిటికీవైపైన తిరుగలేదు.

అక్క మమ్ము చూచి, “గింత దానికి బస్సెక్కొస్తివా చెల్లె? పిల్లగాండ్ల ముచ్చట గది” అని నవ్వెను. పిల్లను పిలిచి కార్డు తీసికొమ్మంటిమి. ఆ పిల్ల రెండు చేతులును వెనుకకు పెట్టుకొని, “నా బంగారువి నేనియ్య చిన్నమ్మా” అనెను. ఆ అయిదు కార్డులును దేవుని పటము క్రింద వరుసగా నిలబెట్టియున్నవి. మేమిది తలపోయలేదు. మాకు నకిలీలని తోచినవి ఆ పిల్లకు బంగారమే. అప్పుడే లేచి వచ్చివేసినచో నేమయ్యెడిదో! కాని అంతదూరము వచ్చితిమి. మా వానివైపు చూచితిమి.

వాడు తల వంచుకొనియే ఫోను దీపము వెలిగించి, మొదట నామె కార్డును, పిదప తన బంగారు కార్డును చూపెను. మగ్గమున్న గది చీకటిది గనుక భేదము బాగుగ తెలిసెను. పిల్ల చాలసేపు చూచినది. అటుతరువాత మెల్లగా, “నీకు ముందే ఎరుకనా అన్నా?” అని యడిగినది.

వాడు తలయూపెను. అప్పుడా పిల్ల యేడ్చినది. అది కార్డుకొరకు కాదు. మా అక్క ముఖమున నవ్వు పోయెను. వ్రతపుటింట నవ్వుచు తిరిగిన పిల్లను మేము వచ్చి యేడిపించితిమి. మేము చేసినది మంచిదేనా యను సంశయము మాకిప్పటికిని తీరలేదు.

మా బావ మగ్గము గుంటలోనుండి లేచి వచ్చెను. కోపపడలేదు. కండెనుండి జరీపోగొకటి త్రుంచి గోటితో గీకి, మెరుపు క్రింద నున్న ఎర్రని పట్టుదారమును మా వానికి చూపెను. వేరొక పోగు గీకెను; అందెరుపు లేదు. “గద్వాల చీరకు 2010ల గుర్తింపు వచ్చినంక నకిలీలు ఇంక ఎక్కువైనయి బిడ్డా. కొనేటోళ్లకు అందరికి ఎరుకుండదు, అడగరు. మేం అడగకున్నా చెప్తం” అని మరల గుంటలో దిగెను. అంతే. మగ్గము చప్పుడు మొదలయ్యెను.

పిల్ల కన్నీరు తుడుచుకొని, తన కార్డు తీసికొని జకార్డు అట్టల నడుమ పెట్టుకొన్నది. బంగారు కార్డులు మూడింటిని తిరిగి యిచ్చినది. రెండింటిని ఉంచుకొన్నది, నకిలీవైనను అవి తనకు బాగున్నవట. ఆపైన ఫోను తనచేతికిచ్చువరకు ఊరకుండక, ఇంటిలోని పెండ్లిపత్రికలు, క్యాలెండరు, తాతగారి రేషనుకార్డు మొదలగు సమస్తమును వెలుతురునకు పట్టి చూచినది. మేము భోజనము చేసి నాలుగుగంటల బస్సునకు బయలుదేరునప్పటికి మా వాని చేతికి జామపండొకటి తెచ్చియిచ్చినది. మాటాడలేదు.

ఆ మూడు కార్డుల నేమి చేయుదమని వాడు దారిలో నడిగెను. నీ యిష్టమంటిమి. ఇంటికి వచ్చి, ఒక్కొక్కదాని వెనుక కలముతో “నకిలీ” అని పెద్దయక్షరములతో వ్రాసి పెట్టె యడుగున పెట్టుకొనెను.

ఇప్పటికి క్రికెట్టు వరుసలో 46 బొమ్మలు చేరినవి. లేని నాలుగింటిలో రెండు నాగర్‌కర్నూలు వానియొద్ద నున్నవట. ఒక్కొక్కదానికి ఆరు జోడుకార్డులు కావలెనని కబురంపినాడు. సంక్రాంతికి పోవలెను. పద్దుపుస్తకములో ఆ ఆదివారపు పంక్తి యిట్లున్నది: “గద్వాల బస్సు రానుపోను, నాది అరటిక్కెట్టు. అమ్మది 0. కార్డులు వచ్చినవి 3, పోయినది 1.”